నాలుగో ప్రశ్న

రేవు పక్కన, బేకరీ మీది గదిలో
పన్నెండేళ్ళుగా నా పని ఇదే,
పిల్లలు స్పానిష్‌లో రాసిన ఉత్తరాల్ని
ఫీజు కట్టేవాళ్ళ భాషలోకి దాటించడం.
కింద రొట్టెలు కాలే వాసన.
పైన నలభై కవర్లు, ఒక నిఘంటువు, నేను.

అన్నీ ఒక్కలాగే మొదలవుతాయి:
"ప్రియమైన పద్రీనో, దేవుడి దయవల్ల నేను క్షేమం."
బాప్తిస్మం నాడు బిడ్డని ఎత్తుకునేవాడు పద్రీనో.
ఎత్తుకోకపోయినా, ఎన్నడూ చూడకపోయినా
బడి ఖర్చు భరించేవాడికీ ఇప్పుడు అదే పేరు.
ఆ కింద అగ్నిపర్వతం బొమ్మ, పక్కన ఒక పువ్వు.
నిఘంటువు తెరవక్కర్లేదు,
చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది.

కందెలారియా కియెహూ. పదిహేనేళ్ళు.
వాళ్ళ ఊళ్ళో బడి తొమ్మిదితో అయిపోతుంది,
పదో తరగతి అతిత్లాన్ సరస్సుకి ఇవతల ఉంది.
పడవకి పోను ఐదు, రాను ఐదు.
నడుముకి మగ్గం కట్టుకుని
వాళ్ళమ్మ పదిహేను రోజులు నేసిన శాలువా
మూడు వారాల పడవ ప్రయాణానికి సరి.
నల్ల బూట్లు, జిరాక్సులు, నెల ఫీజు,
వాటికి ఏ దారమూ చాలదు.

అన్న క్రిసాంతో ఆ నీళ్ళ దగ్గరే ఆగిపోయాడు.
కాఫీ తోటలో మూటలు తూచి
కాగితం లేకుండా లెక్క చెబుతాడు.
మేస్త్రీ కాగితం మీద వేసినా అంతే వస్తుంది.
ఇంటికొక్కరే అన్నది మా రూలు.
ఆ రూలు రాసింది ఎవరో నాకు తెలీదు,
ఇంటింటికీ వెళ్ళి చెప్పేది మాత్రం నేనే.

వేసవిలో పొద్దు గుంకని దేశంలో
బస్సు నడిపి రిటైరైన ఓద్వార్ అనే ఆయన
నెలనెలా ఆ పడవని ఒడ్డుకి చేరుస్తున్నాడు.

ఫారంలో నాలుగో ప్రశ్న: పెద్దయ్యాక ఏమవుతావు?
డాక్టర్, టీచర్, డాక్టర్, నర్సు.
నేనూ ఒకప్పుడు ఈ కవర్లలో వెళ్ళినదాన్నే,
ఐదేళ్ళు వరసగా నర్సు అని రాశాను.
రక్తం చూస్తే ఇప్పటికీ గోడ పట్టుకుని కూలబడతాను.
అప్పుడు నా ఫీజు కట్టినావిడ
నన్ను తెల్ల టోపీలో ఊహించుకుంటూనే పోయి ఉంటుంది.

కందెలారియా రాసింది:
"ఇంకా తెలీదు. తెలిశాక రాస్తాను.
బస్సు నడపాలని మీకు ఎప్పుడు తెలిసింది?"

"టీచర్ అని పెట్టెయ్," అంది మా ఆఫీసరమ్మ
భుజం మీంచి చూసి. "తెలీదంటే డబ్బు ఆగిపోతుంది."
తప్పు మాట కాదు, ఆగినవి నేనూ చూశాను.
కలం మూత తీశాను. పెట్టాను. మళ్ళీ తీశాను.
తెలీదు అన్న చోట తెలీదు అనే రాశాను,
ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

ఏడు వారాలకి జవాబు వచ్చింది.
బొమ్మల్లేవు, పువ్వుల్లేవు,
టైమ్‌టేబుల్ లాంటి పొట్టి వాక్యాలు.
"నలభై మూడో ఏట తెలిసింది.
అంతకు ముందు చేపల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు.
తొందర లేదు. పడవ ఖర్చు నేను చూసుకుంటాను.
నువ్వు దారి చూస్తూ ఉండు."

సాయంత్రం, సరస్సు మీద గాలి లేస్తుండగా
తడుస్తాయని బూట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి
గుమ్మంలో నిలబడే చదువుకుంది.
నవ్వలేదు. మొదటికొచ్చి మళ్ళీ చదివింది.

"ఫ్యాక్టరీ నుంచి ఇంటికెళ్ళాక
చేతులకి చేపల వాసన పోయేదా అని అడగొచ్చా?"

అడుగు, అన్నాను.
ప్రశ్నలు అచ్చెయ్యని తెల్లకాగితం ఒకటి
సొరుగు అడుగునుంచి వెతికి ఇచ్చాను.
"రెండు ఇవ్వు," అంది. "ఒకటి అన్నకి."
కింద చివరి పడవవాడు అప్పుడే కేకేస్తున్నాడు.